ఎన్‌ఏ మియాటా ఇంజన్ బే: విడిభాగాలను శుభ్రం చేసి మళ్లీ మెరుగు పెట్టే విధానం

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనానికి కనిపించిన మాజ్దా ఎంఎక్స్-5 మియాటాలో మొదటి తరం కార్లు 1997 దాకా తయారయ్యాయి. ఆ తరాన్ని ఎన్‌ఏ అని పిలుస్తారు. తెలుగునాట మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దా వ్యానే గుర్తుకొస్తుంది గానీ, అమెరికాలో స్థిరపడి సొంత గ్యారేజీలో సొంత చేతులతో కారు పని చేసుకోవాలని ముచ్చటపడే మనవాళ్లకు ఈ రెండు సీట్ల చిన్న కారు చక్కగా సరిపోతుంది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టేంత చోటు ఉంటుంది. బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది కాబట్టి యాసిడ్ కారి రేకును తినేసే బెడద బానెట్ కింద ఉండదు.

ఇంజన్ బేను, అంటే బానెట్ కింద ఇంజన్ ఉండే చోటును, మెరుగు పెట్టే పనికి దిగినవారిలో చాలామంది రంగు డబ్బా చేతబట్టుకుని మొదలుపెడతారు. అది తలకిందుల వరస. జిడ్డు ఎక్కడి నుంచి వస్తోందో ముందు కనిపెట్టాలి, తర్వాత దాన్ని ఆపాలి, మెరుగు సంగతి ఆ తర్వాతే. ఇంకొక మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ ఈ ఇంజన్ బేలో ప్రతి వస్తువుకూ దాని లోహాన్ని బట్టి వేరే ముగింపు ఇచ్చింది: పోత అల్యూమినియం భాగాలు రంగు లేకుండా వెండి బూడిద రంగులో, ఉక్కు బ్రాకెట్లు సగం మెరుపున్న నలుపులో, బోల్టులు పసుపు ఛాయ గల జింకు పూతతో, చుట్టూ ఉన్న రేకు కారు రంగులో ఉంటాయి. ఈ తేడాలను తిరిగి రప్పించడమే మన పని. అన్నిటికీ ఒకే నల్ల స్ప్రే కొట్టిన ఇంజన్ బే దూరం నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి చూసినవారికి మాత్రం కింద ఏం దాచారోనన్న అనుమానం వస్తుంది.

కడగక ముందు చూడవలసినవి

మురికి మీద మురికిగా ఉన్నప్పుడే ఇంజన్‌ను ఫోటోలు తీయండి. అవి ముచ్చటకు కాదు, ఏ హోస్ ఏ క్లిప్పు కింద నుంచి వెళ్లింది, ఏ వైరు దేనికి పైన ఉంది, ఏ స్టిక్కరు ఎక్కడ ఉంది అన్నది రేపు బిగించేటప్పుడు అవే చెప్తాయి. తర్వాత టార్చి పట్టుకుని జిడ్డు దారులను వెతకండి. కడిగేశాక ఈ ఆనవాళ్లు మిగలవు కాబట్టి ఈ పరిశీలనకు మరో అవకాశం ఉండదు.

రంగును బట్టి ద్రవాన్ని గుర్తుపట్టవచ్చు. గోధుమ, నలుపు రంగుల్లో దుమ్ము పట్టి గట్టిపడినది ఇంజన్ ఆయిల్. ఎర్రగా పల్చగా ఉన్నది పవర్ స్టీరింగ్ ద్రవం. హోస్ చివర్లలో తెల్లగా, పచ్చగా పొరకట్టి, తియ్యటి వాసన వేసేది కూలెంట్. బ్రేక్ ద్రవానికి పెద్దగా రంగుండదు. రంగును ఉబ్బించి పొరలుగా లేపేయడమే దాని గుర్తు. పెడల్ బలాన్ని పెంచే గుండ్రని డబ్బా అయిన బ్రేక్ బూస్టర్ ముందు ముఖాన, బ్రేక్ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ కింద నల్ల రంగు లేచిపోయి తుప్పు కనిపిస్తే, అది వయసు వల్ల వచ్చింది కాదు, సిలిండర్ వెనక సీలు కారుతోందని అర్థం. ఆ సీలు మార్చకుండా బూస్టర్‌కు రంగు వేస్తే కొద్ది నెలల్లో అదే చోట మళ్లీ ఊడుతుంది.

ఈ ఇంజన్‌లో అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసిన చోటు సిలిండర్ హెడ్ వెనక భాగం. ఫైర్‌వాల్‌కూ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) హెడ్‌కూ మధ్య ఇరుకులో క్యామ్‌షాఫ్ట్ చివరకు అమర్చిన క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాన్ని వాడుకలో సీఏఎస్ అంటారు. దాని మెడకు ఒక చిన్న ఓ-రింగు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గుండ్రని ఆకారం పోగొట్టుకుని చదునై, గోటితో నొక్కితే దిగబడకుండా ప్లాస్టిక్ ముక్కలా విరుగుతుంది. అప్పుడు ఆయిల్ సన్నగా హెడ్ వెనక గోడ మీదుగా దిగి హీటర్ హోస్‌లను తడిపి, ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే గంటలాంటి తొడుగు బెల్‌హౌసింగ్ మీదకు చేరి, కింద నుంచి చూసేవారికి క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు పోయిందనే భ్రమ కలిగిస్తుంది. గేర్‌బాక్స్ దింపాల్సిన పెద్ద పనికి సిద్ధపడే ముందు, చాలా తక్కువ ఖరీదున్న ఈ రబ్బరు చుట్టును మార్చి చూడాలి. ఆయిల్‌లో నానిన హీటర్ హోస్‌ను వేళ్లతో పిండి చూడండి, మెత్తబడి ఉబ్బితే దాన్ని కూడా మార్చాలి.

జిడ్డు వదిలించడం

ముందుగా డిక్కీలోని బ్యాటరీ నెగటివ్ తీగను విడదీయండి. ఇంజన్ గోరువెచ్చగా, అంటే చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడితో ఉండాలి. అంతకన్నా వేడిగా ఉంటే డిగ్రీజర్ ఆరిపోయి మరకలు కడుతుంది. సాల్వెంట్లతో అయితే మంటల ప్రమాదమూ ఉంటుంది. ఎండుటాకులు, ఇసుక, పొడి దుమ్ము వంటివి తడి తగలకముందే మెత్తని బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో తీసేయాలి.

తడి తగలకూడని వాటిని ప్లాస్టిక్ సంచులతో చుట్టి టేపు వేయండి. 1990 నుంచి 1993 వరకు వచ్చిన 1.6 లీటర్ల కార్లలో గాలి దారిలో రెక్క తలుపు ఉండే ఎయిర్‌ఫ్లో మీటరు ఉంటుంది, 1994 నుంచి వచ్చిన 1.8 లీటర్ల కార్లలో దాని స్థానంలో వేడి తీగ సెన్సర్ వచ్చింది. రెండిటికీ నీళ్లు శత్రువులే. హెడ్ వెనకున్న ఇగ్నిషన్ కాయిల్, సీఏఎస్, ఆల్టర్నేటర్, ఫ్యూజ్ పెట్టె, డయాగ్నొస్టిక్ పెట్టె కూడా ఈ జాబితాలోకే వస్తాయి. బానెట్ కింద అంటించిన ఉద్గారాల సమాచార స్టిక్కరు, ఇతర హెచ్చరిక స్టిక్కర్ల మీద డిగ్రీజర్ పడనివ్వకండి. అసలు స్టిక్కర్లు చెక్కుచెదరకుండా ఉన్న కారుకు విలువ ఎక్కువ, ఒకసారి అచ్చు చెరిగితే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

ప్రెషర్ వాషర్ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పాతికేళ్లు దాటిన వైర్ల కనెక్టర్లలో రబ్బరు సీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. బలమైన నీటి ధార లోపలికి చొరబడితే ఆ తేమ బయటకు రాదు, వారం తర్వాత ఇంజన్ ఎందుకు దగ్గుతోందో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది. స్ప్రే సీసా, రకరకాల బ్రష్‌లు, సన్నటి ధార వచ్చే తోట పైపు ఉంటే చాలు. గట్టిపడిన ఆయిల్ పొరను మొదట కిరోసిన్‌తో గానీ మినరల్ స్పిరిట్స్‌తో గానీ తడిపి, కాసేపు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి తీసేయాలి. ఆ తర్వాతే నీళ్లలో కలిసే డిగ్రీజర్ వాడాలి. కింద పాత్ర గానీ పీల్చే గుడ్డలు గానీ పరిచి, ఆ మురికిని వాననీటి కాలువలోకి పోనివ్వకుండా పట్టి, మీ కౌంటీ వాళ్లు ఇళ్ల ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట అప్పగించాలి.

రసాయనాల దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. అల్యూమినియం ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. గాలి తగిలిన వెంటనే దాని మీద ఏర్పడే పల్చని ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతూ ఉంటుంది. కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్లు, ఊదా రంగు ఘాటు డిగ్రీజర్లు ఆ పొరను కరిగించి లోహాన్నే తినడం మొదలుపెడతాయి. కొద్ది నిమిషాల్లో భాగం నల్లగా మచ్చలు పడుతుంది, ఆ మచ్చలు రుద్దితే తప్ప పోవు. సీసా మీద అల్యూమినియానికి సురక్షితమని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, అదీ ఆరనివ్వకుండా కడిగేయండి. చక్రాలకు వాడే కొన్ని అల్యూమినియం బ్రైట్‌నర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ దాని లవణాలు గానీ ఉంటాయి. చర్మంలోంచి దిగి ఎముక దాకా హాని చేసే ఆ పదార్థాన్ని ఇంటి గ్యారేజీలోకి తేకండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను వేడి భాగాల మీద కొడితే విషవాయువు ఫాస్జీన్ పుట్టవచ్చు, కాబట్టి క్లోరిన్ లేని రకాన్నే, అదీ చల్లారిన భాగాల మీదే వాడాలి.

కడిగాక స్పార్క్ ప్లగ్ గుంతల్లో నిలిచిన నీటిని గాలి కొట్టి బయటకు తోలాలి. ఆ తడితోనే ప్లగ్గు విప్పితే నీళ్లు, మట్టి నేరుగా సిలిండర్లోకి పోతాయి.

ఏది విప్పాలి, ఏది వదిలేయాలి

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను కేవలం అందం కోసం విప్పవద్దు. దాని కింద బ్లాక్‌కు బిగించిన ఆధార బ్రాకెట్ బోల్టులు చేతికి అందవు. ఇంధన పైపుల్లో ఒత్తిడి తీయాలి, కూలెంట్ దించాలి, గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. దాన్ని ఉన్నచోటే సన్నని ఇత్తడి బ్రష్‌తోనూ బూడిద రంగు స్కాచ్-బ్రైట్‌తోనూ శుభ్రం చేస్తే, పై నుంచి కనిపించే భాగమంతా చక్కగా తేలుతుంది. థ్రాటిల్ బాడీ లోపలి గోడను మాత్రం ఈ ఉత్సాహంలో రుద్దకండి.

విప్పదగినవి: క్యామ్ కవర్ (సిలిండర్ హెడ్ పై మూత), గాలి వెళ్లే క్రాసోవర్ పైపు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీది వేడి కవచం, కూలెంట్, వాషర్ డబ్బాలు, చిన్నాచితకా బ్రాకెట్లు, రేడియేటర్ పై బ్రాకెట్లు. సీఏఎస్‌ను ఎలాగూ ఓ-రింగు కోసం విప్పుతారు. దాన్ని కదిల్చే ముందు దాని ఒంటికీ హెడ్‌కూ కలిపి సూదిమొనతో సన్నని గీత గీయండి, ఎందుకంటే దాన్ని తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ మారుతుంది. ప్లగ్ తీగలకు నంబర్లు రాసిన టేపు ముక్కలు అంటించండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయకుండా, అట్టముక్క మీద క్యామ్ కవర్ ఆకారం గీసి, బోల్టు ఉన్న చోట రంధ్రం పొడిచి అందులోనే గుచ్చితే, పొడవు బోల్టు పొట్టి రంధ్రంలోకి పోయే పొరపాటు జరగదు.

క్యామ్ కవర్

బానెట్ తెరవగానే కంటికి ఆనేది ఇదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. 1960ల నాటి బ్రిటిష్, ఇటాలియన్ ట్విన్-క్యామ్ ఇంజన్లను తలపించేలా, రెండు పొడవాటి గుబ్బలతో, ఉబ్బెత్తు అక్షరాలతో, రంగు లేని పోత అల్యూమినియంతో మాజ్దా దీన్ని చేసింది. కాలక్రమంలో అది మసకబారుతుంది, సన్నని గుంటల్లో ఆయిల్ పసుపుగా దిగుతుంది, ఉప్పు చల్లే ఊళ్లలో తెల్లటి పొడిలాంటి ఆక్సైడ్ పొర కూడా కడుతుంది.

విప్పాక తిరగేసి చూస్తే లోపల ఆయిల్ ఆవిరిని వేరుచేసే రేకు కనిపిస్తుంది. ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపే పీసీవీ వాల్వుకు వెళ్లే ఆవిరి దాని వెనక నుంచే పోతుంది. ఇసుక గానీ గాజుపూసలు గానీ వేగంగా కొట్టించే బ్లాస్టింగ్‌కు ఈ కవర్‌ను ఇవ్వవద్దని చెప్పడానికి కారణం ఈ రేకే. దాని వెనక చిక్కిన గింజ ఎంత కడిగినా బయటకు రాదు, కొన్ని వందల మైళ్లు తిరిగాక వేడి ఆయిల్‌తో కలిసి కిందకు జారి బేరింగులను గీకేస్తుంది. వేపర్ బ్లాస్టింగ్ అనే తడి పద్ధతి వల్ల వచ్చే పట్టులాంటి మెరుపు చాలా అందంగా ఉంటుంది, కానీ ప్రమాదం అదే. ఇవ్వక తప్పదనుకుంటే లోపలి వైపంతా గట్టిగా మూయించి, తెచ్చాక ఆ రేకు వెనక దాకా ఎన్నోసార్లు కడిగి గాలి కొట్టాలి.

పాత యజమాని రంగు వేసి ఉంటే ముందు అది పోవాలి. ఒకప్పుడు మెథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్ పూస్తే నిమిషాల్లో రంగు ముడుచుకుని లేచేది. ఆ ఆవిరి పీల్చి మనుషులు చనిపోవడంతో 2019లో అమెరికా పర్యావరణ సంస్థ వాటిని మామూలు వినియోగదారులకు అమ్మకుండా నిషేధించింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా బెంజైల్ ఆల్కహాల్ రకాలు. పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, గంటల తరబడి వదిలితే అవీ పని చేస్తాయి, కాకపోతే ఓపిక పట్టాలి.

రంగు లేని అసలు రూపమే మీకు కావాలంటే, నాకు అదే ఇష్టం, పని ఇలా సాగుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో జిడ్డు తీసి, వేడి సబ్బునీళ్లతో కడిగి, బూడిద రంగు స్కాచ్-బ్రైట్‌ను తడిపి ఒకే దిశలో రుద్దాలి. గుండ్రంగా రుద్దితే సుడులు కనిపిస్తాయి. అక్షరాల సందుల్లోకి ఇత్తడి తీగల టూత్‌బ్రష్ లాంటిది పంపండి. ఉక్కు తీగల బ్రష్ వాడితే దాని రేణువులు మెత్తని అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు చుక్కలుగా తేలతాయి. గుబ్బలకు అద్దంలాంటి మెరుపు కావాలనుకునేవారు 220తో మొదలుపెట్టి 320, 400, 600 నంబర్ల వాటర్ పేపర్లతో ఒక్కో దశలో అడ్డదిశ మారుస్తూ, ముందు నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా రుద్ది, ఆపైన గుడ్డ చక్రంతో పాలిషింగ్ ముద్ద పట్టించాలి. 220 గీతలు మిగిలి ఉండగానే 400కు దూకినవారు చివర పాలిష్ చేశాక ఆ గీతలను అద్దంలో చూసినట్టు చూడాల్సి వస్తుంది. అద్దపు మెరుపు నిలవదని కూడా తెలుసుకోండి, రెండు మూడు నెలలకోసారి మెటల్ పాలిష్‌తో తుడవాలి. దాని మీద క్లియర్ కోట్ వేస్తే ఈ శ్రమ తప్పుతుందని కొందరంటారు గానీ, నున్నని లోహాన్ని ఆ పూత గట్టిగా పట్టదు. కొన్నాళ్లకు దాని కింద పురుగు పాకినట్టు సన్నని తుప్పు దారులు పుడతాయి.

రంగే వేయదలిస్తే అసలు పని రంగుకు ముందే ఉంటుంది. పోత అల్యూమినియం రంధ్రాల్లో దశాబ్దాల ఆయిల్ ఇంకి ఉంటుంది. పైకి ఎండిపోయినట్టున్న కవర్‌ను వంటకు వాడని పాత ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట ఉంచితే, చెమట పట్టినట్టు ఆయిల్ చుక్కలు పైకి వస్తాయి. చల్లారాక అసిటోన్‌తో తుడిచి మళ్లీ వేడిచేయాలి, చెమట ఆగేదాకా ఇలాగే చేయాలి. పౌడర్ కోటింగ్‌కు ఇచ్చినా ఈ మాట వర్తిస్తుంది. ఆ పొడి దాదాపు 200 డిగ్రీల వద్ద కరిగి గట్టిపడుతుంది, అప్పుడు లోపలి ఆయిల్ ఆవిరై పూతను బుడగలతో పాడుచేస్తుంది కాబట్టి, ముందుగా ఖాళీగా కాల్చమని షాపువాళ్లకు చెప్పండి.

శుభ్రత సరిపోయిందా లేదా అన్నది కంటితో తేల్చకండి. కవర్ మీద మంచినీళ్లు పోయండి. నీరు తెగకుండా ఒకే పొరగా పరుచుకుని జారితే జిడ్డు లేదు. ఎక్కడైనా నీరు విడిపోయి చుక్కలుగా నిలిస్తే అక్కడ ఇంకా జిడ్డుంది, రంగు ముందుగా ఊడేది కూడా అక్కడే. ఈ పరీక్ష నెగ్గాక వట్టి చేతులతో ముట్టుకోకుండా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. గ్యాస్కెట్ కూర్చునే గాడికి, బోల్టుల వాషర్లు ఆనే వలయాలకు, ఆయిల్ మూత మరలకు, పీసీవీ రబ్బరు రంధ్రానికి, లోపలి భాగానికి టేపు వేయాలి. గాడిలో రంగు పడితే గ్యాస్కెట్ సరిగా కూర్చోదు.

ప్రైమరు, రంగు ఒకే కంపెనీవి, ఇంజన్ వేడిని తట్టుకునేవి తీసుకోండి. మామూలు ఇంజన్ ఎనామిల్‌ను పల్చని పూతలుగా వేయాలి. చాలా డబ్బాల మీద, తర్వాతి పూత గంటలోపు గానీ, లేకుంటే వారం ఆగాక గానీ వేయమని రాసి ఉంటుంది. ఈ రెంటి మధ్యలో వేస్తే సగం గట్టిపడిన పాత పూతను కొత్త పూత సాల్వెంట్ ముడతలు పెట్టేస్తుంది. అందరికీ నచ్చే ముడతల రంగు, అంటే రింకిల్ పెయింట్, దీనికి పూర్తిగా విరుద్ధం: దాన్ని దట్టంగా వేయాలి. మొదటి పూత అడ్డంగా, కొద్ది నిమిషాలు ఆగి రెండోది నిలువుగా, మూడోది మూలగా కొట్టి, హీట్‌గన్‌తో గానీ ఓవెన్‌లో గానీ సమంగా వేడి తగిలిస్తే పై పొర ముందు బిగిసి ముడుచుకుంటుంది. పూత మందం ఎక్కడ తగ్గితే అక్కడ ముడత రాక నున్నగా మిగులుతుంది కాబట్టి అంచుల దగ్గర చెయ్యి తొందరపడకూడదు. ఉబ్బెత్తు అక్షరాలు లోహపు రంగులో మెరవాలంటే, రంగు పూర్తిగా గట్టిపడ్డాక చదునైన చెక్కముక్కకు 220 పేపరు చుట్టి, అక్షరాల తలల మీద మాత్రమే పొడవు దిశలో రుద్దండి. వేలితో రుద్దితే పేపరు అక్షరం అంచు మీదుగా వంగి పక్క రంగును తినేస్తుంది.

స్ప్రే చేసేటప్పుడు సేంద్రియ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పనిసరి. గట్టిపరిచే ద్రవం డబ్బాలోనే కలిసే రెండు భాగాల రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. వాటికి బయటి గాలి అందించే మాస్క్ కావాలి కాబట్టి ఇంట్లో వాడకపోవడమే నయం.

ఉక్కు బ్రాకెట్లు, వేడి కవచం

బ్రాకెట్లకు పెద్ద రహస్యాలేమీ లేవు. జిడ్డు తీసి, ఊడే రంగును, తుప్పును తీగల చక్రంతో తీసి, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రవం పట్టించి, కడిగి ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమరు మీద శాటిన్ నలుపు వేయాలి. పూర్తి మెరుపున్న నలుపు ఫ్యాక్టరీది కాదు, కొత్తగా కనిపించే బదులు అతికించినట్టు కనిపిస్తుంది. తీగల చక్రం దగ్గర కళ్లద్దాలు కాదు, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోండి, ఊడిన తీగ సూదిలా దూసుకొస్తుంది. ఎర్త్ తీగ బిగించే చోట్ల మాత్రం బ్రాకెట్‌కు గానీ రేకుకు గానీ రంగు పూయకండి. అందంగా రంగేసిన తర్వాత లైట్లు మసకబారాయని, ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) నిలవడం లేదని వెతుక్కునేవారికి తరచు దొరికే కారణం ఎర్త్ బోల్టు కింద ఉన్న రంగు పొరే.

వేడి కవచం బోల్టులు విరిగే రకం. ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి, మర్నాడు బిగించే దిశలో కొంచెం కదిల్చి, ఆ తర్వాత విప్పే దిశలో తిప్పాలి. దానికి ఇంజన్ ఎనామిల్ పనికిరాదు, ఎగ్జాస్ట్‌కు వాడే వేడి రంగు కావాలి. వట్టి లోహం మీద పల్చగా వేసి, కారుకు బిగించాక ఇంజన్ వేడితో దశలవారీగా కాల్చాలి.

బోల్టులు

ఇంజన్ బే కొత్తగా కనిపించడానికి క్యామ్ కవర్ కన్నా బోల్టులే ఎక్కువ కారణమంటే నమ్మరు గానీ, పసుపు జింకు పూతతో మెరిసే యాభై బోల్టు తలలు కంటికి కలిగించే తేడాను ఏ రంగూ ఇవ్వలేదు. బోల్టులకు రంగు మాత్రం వేయకండి, స్పానర్ తగలగానే మూలలు ఊడతాయి.

కొద్దిపాటి తుప్పుంటే ఎవాపో-రస్ట్ వంటి ఆమ్లం కాని ద్రవంలో ఒక రాత్రి నానబెట్టాలి. అది తుప్పునే తింటుంది, మంచి ఉక్కును తాకదు. కానీ బయటకు తీసిన బోల్టు వట్టి ఉక్కు, తేమ గాలికి కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది. కాబట్టి ఆ రోజే ఆయిల్ పట్టించండి, లేదా ప్లేటింగ్‌కు ఇవ్వండి. ప్లేటింగ్ షాపులు సాధారణంగా కనీస ఛార్జీ పెడతాయి, అందువల్ల కారు మొత్తం చిన్న బోల్టులు, క్లిప్పులు, వాషర్లు పోగుచేసి ఒక్కసారే ఇవ్వడం లాభం. ఇచ్చే ముందు అన్నీ పరిచి ఫోటో తీసి, లెక్కరాసి, పోతే దొరకనివి ఉంటే వేరుగా తీగకు గుచ్చి ఇవ్వండి. తల మీద 10.9, 12.9 అని ముద్ర ఉన్న గట్టి బోల్టులను ఆమ్లంలో ముంచినా, ప్లేటింగ్ చేసినా హైడ్రోజన్ లోపలికి ఇంకి ఉక్కు పెళుసుబారుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే దాదాపు 200 డిగ్రీల వద్ద గంటల తరబడి కాల్చితే తప్ప ఆ ప్రమాదం పోదు. సస్పెన్షన్, బ్రేకులు, సీటు బెల్టు బోల్టులను ఈ మూటలో అసలు కలపకండి.

ప్లాస్టిక్, రబ్బరు

వాషర్, కూలెంట్ డబ్బాల లోపల పేరుకున్న పాచికి గుప్పెడు బియ్యం, కొంచెం సబ్బునీళ్లు పోసి గట్టిగా గిలక్కొట్టడం కన్నా మంచి మందు లేదు. ప్లాస్టిక్ పసుపుబారడం మాత్రం దీనితో పోదు. రేడియేటర్ పై ట్యాంకు నలుపు తగ్గి గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగుకు మారితే దాన్ని తుడవకండి, రంగేయకండి. ప్లాస్టిక్ పెళుసైందని, పగిలే రోజు దగ్గరపడిందని అర్థం, రేడియేటర్ మార్చాలి. హోస్‌లకు సబ్బునీళ్లు, ఆపైన నీటి ఆధారిత డ్రెస్సింగ్ సరిపోతాయి. జిడ్డుగా మెరిసే సిలికాన్ స్ప్రేలు దుమ్మును పట్టడమే కాక, గాలిలో తేలి రాబోయే రంగు పనిలో చేప కళ్లలాంటి గుంటలు పెడతాయి, అందుకే రంగు పని జరిగే గ్యారేజీలోకి వాటిని రానివ్వకండి.

తిరిగి బిగించడం

క్యామ్ కవర్‌కు గ్యాస్కెట్ కొత్తదే వేయండి. హెడ్ మీద పాత సిలికాన్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి, అవి లోపల పడకుండా గుడ్డలు పరవండి, ఆ గుడ్డలను లెక్కపెట్టి తీయండి. ముందు, వెనక క్యామ్ బేరింగ్ మూతలు హెడ్‌ను కలిసే మూలల్లో మాత్రమే ఆర్‌టీవీ (గది వేడికే గట్టిపడే) సిలికాన్ చుక్కలు పెట్టాలి, చుట్టూ పూయకూడదు. బోల్టులకు 10 నంబరు సాకెట్ సరిపోతుంది. మధ్య నుంచి చివరలకు రెండు విడతలుగా, 5 నుంచి 8.8 న్యూటన్ మీటర్ల లోపు బిగించాలి. అది చాలా తక్కువ బిగువు, చేతి అంచనాతో బిగించేవారు సాధారణంగా దాన్ని దాటి, గ్యాస్కెట్‌ను నలిపి, అల్యూమినియం మరలను పీకేస్తారు. చిన్న టార్క్ రెంచ్ అద్దెకు తెచ్చుకున్నా ఫరవాలేదు.

సీఏఎస్‌కు కొత్త ఓ-రింగు వేసి, ఆయిల్ రాసి, గీతకు గీత కలిపి అమర్చండి. దాని కొస ఒక వైపు ఒరిగి ఉంటుంది కాబట్టి ఒకే స్థితిలో దిగుతుంది. దిగకపోతే బలం పెట్టకుండా సగం చుట్టు తిప్పి చూడండి. గీత సరిగ్గా కలిసినా టైమింగ్ లైటుతో సరిచూడాలి: ఇంజన్ పూర్తిగా వేడెక్కాక డయాగ్నొస్టిక్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ గుర్తులున్న రంధ్రాలను చిన్న తీగతో కలిపితే, ఐడిల్‌లో టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) ముందు 10 డిగ్రీలు చూపాలి. తీగ తీయడం మరవకండి.

మొదటిసారి ఇంజన్ వేసేటప్పుడు కారు బయట నిలిపి బానెట్ తెరిచి ఉంచండి. వేడి కవచం రంగు నుంచి, మిగిలిన ఆయిల్ నుంచి పొగ, వాసన వస్తాయి. పది నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లార్చి అరగంట, ఇలా పెంచుకుంటూ పోవాలి. మొదటి రోజే హైవే ఎక్కితే ఆ రంగు పొక్కులు కడుతుంది. వారం రోజులు తిప్పాక క్యామ్ కవర్ వెనక మూలలను, సీఏఎస్ కింద హెడ్ గోడను, బ్రేక్ బూస్టర్ ముఖాన్ని తెల్లటి టిష్యూతో తుడిచి చూడండి. ఎక్కడైనా తడి అంటితే అక్కడికి మళ్లీ వెళ్లాలి. మూడు చోట్లా టిష్యూ పొడిగా వస్తే, అప్పటిదాకా విప్పి పక్కన పెట్టిన కారు అడుగు ప్లాస్టిక్ పలకను బిగించేయవచ్చు.